కేన్సర్ డాక్టర్ కావాలంటే: అసలు నిర్ణయం పీజీ కౌన్సెలింగ్‌లోనే

ప్రశ్న: గుంటూరు మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్‌ని. మా పెద్దమ్మ రొమ్ము కేన్సర్‌తో పోయినప్పటి నుంచి ఆంకాలజీ వైపే మనసు లాగుతోంది. మొత్తం ఎన్నేళ్లు పడుతుంది? ఏ దారి మంచిది? రోజూ చావులు చూస్తూ తట్టుకోగలనా?

జవాబు:

మీ మూడు ప్రశ్నల్లో రెండోది ముందు తేలాలి. అది తేలితే మొదటిదానికి జవాబు వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. మూడోదానికీ సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

‘కేన్సర్ డాక్టర్’ అనే ఉద్యోగం ఒకటి లేదు. మూడు వేర్వేరు వృత్తులున్నాయి. ఓపీకి వచ్చే పేషెంట్లు ఈ సంగతి మనకంటే బాగా చెబుతారు: కీమో డాక్టరు, కరెంటు డాక్టరు, ఆపరేషన్ డాక్టరు. మెడికల్ ఆంకాలజిస్టు, రేడియేషన్ ఆంకాలజిస్టు, సర్జికల్ ఆంకాలజిస్టు అన్నమాట. ఈ ముగ్గురూ చూసే జబ్బు ఒకటే, చేసే పని మాత్రం ఏ కోశానా ఒకటి కాదు. మీరు ఆంకాలజీని ఎంచుకునేది ఎప్పుడో ఆరేళ్ల తర్వాత అనుకుంటున్నారేమో. కాదు, నీట్ పీజీ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే రోజునే దారులు విడిపోతాయి. అక్కడ జనరల్ సర్జరీ తీసుకున్నవారు ఇక కీమో డాక్టరు కాలేరు, జనరల్ మెడిసిన్ తీసుకున్నవారు కత్తి పట్టలేరు. కాబట్టి పెద్దమ్మ జ్ఞాపకం మిమ్మల్ని గుమ్మం దాకా తెస్తుంది. లోపల ఏ గదిలో ముప్పై ఏళ్లు కూర్చోగలరో మాత్రం ఆ గదిలో జరిగే రోజువారీ పని చూసే తేల్చుకోవాలి.

ముందు ఏళ్ల లెక్క. ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ కలిపి 5½ ఏళ్లు, మీకు అయిపోవచ్చాయి. మెడికల్ ఆంకాలజీకి ఎండీ జనరల్ మెడిసిన్ 3, ఆపైన డీఎం అనే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ 3. సర్జికల్ ఆంకాలజీకి ఎంఎస్ జనరల్ సర్జరీ 3, ఆపైన సర్జన్లకు దానికి సాటి డిగ్రీ ఎంసీహెచ్ 3. రెండిటికీ మొత్తం 11½. రేడియేషన్ ఆంకాలజీ ఒక్కటే తేడా: ఎంబీబీఎస్ మీద నేరుగా మూడేళ్ల ఎండీ, అక్కడితో మీరు పూర్తి స్థాయి కేన్సర్ డాక్టర్. మొత్తం 8½ ఏళ్లు. ఇవి కాగితం మీద లెక్కలు. నీట్ పీజీకి ఒక ఏడాది, సూపర్ స్పెషాలిటీ పరీక్షకు ఇంకో ఏడాది కూర్చోవడం మామూలే. దానికి తోడు ప్రభుత్వ సీటు అయితే చదువయ్యాక ప్రభుత్వంలో పని చేసే బాండు సర్వీసు. బాండు ఎన్నేళ్లు, చేయకపోతే ఎంత కట్టాలి అన్నది రాష్ట్రానికీ కాలేజీకీ మారుతుంది, ఏడాదికోసారి కూడా మారుతుంది. సీనియర్లు చెప్పినది నమ్మకండి, ఆ ఏడాది ప్రాస్పెక్టస్ చదవండి.

పక్కదారులు కూడా తెలుసుకుని ఉండండి. ఎండీ పీడియాట్రిక్స్ చేసినవారికి డీఎం పీడియాట్రిక్ ఆంకాలజీ ఉంది, డీఎం మెడికల్ ఆంకాలజీకీ అర్హత ఉంది. ఎండీ రేడియేషన్ ఆంకాలజీ వారికీ డీఎం మెడికల్ ఆంకాలజీ తలుపు తెరిచే ఉంది, కానీ పరీక్షలో జనరల్ మెడిసిన్ ప్రశ్నలతో మెడిసిన్ వాళ్లతోనే పోటీ పడాలి. గైనకాలజీ నుంచి గైనిక్ ఆంకాలజీ ఎంసీహెచ్, ఈఎన్‌టీ నుంచి హెడ్ అండ్ నెక్ సర్జరీ ఎంసీహెచ్. రక్తపు జబ్బుల మీద మనసుంటే డీఎం క్లినికల్ హెమటాలజీ. ఎంబీబీఎస్ మీద ఎండీ పాలియేటివ్ మెడిసిన్ అనే బ్రాంచి కూడా ఉంది. సీట్లు తక్కువ, దాని పేరు విన్న హౌస్ సర్జన్లు అంతకంటే తక్కువ.

సూపర్ స్పెషాలిటీ సీట్లకు నీట్ ఎస్ఎస్ రాయాలి. డీఎం, ఎంసీహెచ్‌తో పాటు వాటికి సమానమైన డీఆర్‌ఎన్‌బీ సీట్లకూ అదే. ఎయిమ్స్, పీజీఐ చండీగఢ్, జిప్‌మర్ లాంటి జాతీయ సంస్థలకు వేరే పరీక్ష, ఐఎన్‌ఐ ఎస్ఎస్. ఇందులో అందరూ పొరబడే విషయం ఒకటుంది. నీట్ ఎస్ఎస్‌లో మెడికల్ గ్రూపు పేపరంతా జనరల్ మెడిసిన్ మీదే ఉంటుంది, ఆంకాలజీ మీద కాదు. ఎండీ మూడేళ్లూ ఆంకాలజీ పుస్తకాలే తిరగేసినవారి కంటే జనరల్ మెడిసిన్ పాఠ్యపుస్తకం హారిసన్ గట్టిగా చదివినవారికే సీటు వస్తుంది. మెడికల్ ఆంకాలజీ మంచి పోటీ ఉన్న బ్రాంచి, గ్యాస్ట్రో, కార్డియాలజీల పక్కన నిలబడుతుంది.

ఇక పని సంగతి.

మెడికల్ ఆంకాలజీ అంటే చాలామంది కొత్త కొత్త మందులు, జన్యు పరీక్షలు, కాన్ఫరెన్సులు అనుకుంటారు. అవి ఉన్నాయి. కానీ రోజులో ఎక్కువ భాగం లెక్కలు, రక్తపరీక్షలు, సైడ్ ఎఫెక్టులు. ఒక ఉదాహరణ చూడండి. 160 సెంటీమీటర్లు, 58 కిలోలు ఉన్న రొమ్ము కేన్సర్ పేషెంటుకు డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి ఇచ్చే ‘ఏసీ’ కీమో మొదలుపెట్టాలి. 160ని 58తో హెచ్చించి 3600తో భాగిస్తే 2.58. దాని వర్గమూలం 1.6 చదరపు మీటర్లు, అదే ఆమె శరీర ఉపరితల వైశాల్యం. డాక్సోరుబిసిన్ చదరపు మీటరుకు 60 మి.గ్రా. చొప్పున 96 మి.గ్రా., సైక్లోఫాస్ఫమైడ్ 600 చొప్పున 960 మి.గ్రా. మూడు వారాలకోసారి, నాలుగు సైకిళ్లు. అంటే డాక్సోరుబిసిన్ మొత్తం చదరపు మీటరుకు 240 మి.గ్రా. చేరుతుంది. జీవితకాలంలో 450 దాటితే గుండె కండరం దెబ్బతినే ప్రమాదం వేగంగా పెరుగుతుంది గనుక ముందే గుండెకు ఎకో పరీక్ష తీయాలి, ఇంతకుముందు ఎక్కడైనా ఇదే మందు తీసుకున్నారేమో పాత కాగితాలు వెతకాలి. ఎనిమిదేళ్ల కింద వేరే ఊళ్లో చేయించుకున్న కీమో కాగితాలు సంచి అడుగున దొరుకుతాయి, లేదా అసలు దొరకవు. దొరకనప్పుడు ‘ఎర్ర మందు ఎక్కించారా, ఒంటేలు ఎర్రగా వచ్చిందా’ అని అడగాలి. డాక్సోరుబిసిన్ ఎర్రగా ఉంటుంది, ఆ సంగతి పేషెంటు మరిచిపోరు.

ఈ లెక్కల్లో తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మొదటి రోజు రాసిన బరువే ఆరో సైకిల్ దాకా నడిచిపోతుంది. ఈ లోపల మనిషి ఏడెనిమిది కిలోలు తగ్గి ఉంటారు. ఇంకో తప్పు కార్బోప్లాటిన్‌తో. దాని మోతాదు శరీర వైశాల్యం మీద కాదు, కిడ్నీ పనితీరు మీద: కావలసిన ఏయూసీ × (జీఎఫ్‌ఆర్ + 25). ఏయూసీ అంటే ఒంటికి మొత్తం ఎంత మందు తగలాలన్న లక్ష్యం, జీఎఫ్‌ఆర్ అంటే కిడ్నీల వడపోత వేగం. ఏయూసీ 5, జీఎఫ్‌ఆర్ 75 అయితే 500 మి.గ్రా. అయితే ఎముకల గూడులా చిక్కిపోయినవారిలో కండ తక్కువ గనుక, కండల నుంచి రక్తంలోకి వచ్చే క్రియాటినిన్ అనే వ్యర్థం 0.4 చూపిస్తుంది. ఫార్ములాలో అది వేస్తే జీఎఫ్‌ఆర్ 160, 170 వస్తుంది. కిడ్నీలు అంత గొప్పగా ఉండి కాదు, ఫార్ములా మోసపోయి. ఆ లెక్క ప్రకారం మందు ఇస్తే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అందుకే జీఎఫ్‌ఆర్‌ని 125 దగ్గర ఆపేస్తారు. విన్‌క్రిస్టిన్ సంగతి ఇంకా ఘోరం. నరానికి ఇవ్వాల్సిన ఆ మందు పొరపాటున వెన్నులోకి వెళితే మనిషి దాదాపుగా దక్కరు. దాన్ని సిరంజీలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వాలనే నియమం అందుకే వచ్చింది. సంచిని చూసి ఎవరూ వెన్నులో ఎక్కించబోరు. ఇలాంటి నియమాలు విసుగ్గా అనిపిస్తే ఈ బ్రాంచి మీది కాదు. ఇలాంటివాటిలో తృప్తి దొరికే మనిషికి మాత్రం ఇది చాలా బాగుంటుంది.

కీమో డాక్టరు ఫోను రాత్రి మోగేది ఎక్కువగా జ్వరానికి. మందు ఎక్కిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు అడుగంటుతాయి. వాటిలో ఇన్ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్స్ 500 కంటే తక్కువ ఉండగా ఒక్కసారి 101 ఫారన్‌హీట్ వచ్చినా, 100.4 గంటసేపు నిలిచినా అది ఎమర్జెన్సీ. ఆసుపత్రికి వచ్చిన గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి వెళ్లాలి, కల్చర్ రిపోర్టు కోసం ఆగకూడదు. మన పల్లెల్లో జరిగేది ఏమిటంటే, జ్వరం రాగానే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి వెళతారు. ఆయన పారాసెటమాల్, దానితో పాటు స్టెరాయిడ్ సూది ఇస్తాడు. జ్వరం దిగుతుంది, ఇన్ఫెక్షన్ దిగదు. రెండు రోజుల తర్వాత బీపీ పడిపోయాక 108 ఎక్కుతారు. కాబట్టి మంచి మెడికల్ ఆంకాలజిస్టు డిశ్చార్జి కాగితం మీద తెలుగులో, పెద్దక్షరాలతో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు జ్వరం వస్తే ఎక్కడికి రావాలో రాసి ఇస్తారు. ఆర్ఎంపీకి చూపించమని కూడా చెబుతారు. ఆయనను తిట్టి లాభం లేదు, పేషెంటు ముందు వెళ్లేది ఆయన దగ్గరికే.

ఈ బ్రాంచికి తెలుగువారి చుట్టరికం ఒకటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల నుంచే అమినాప్టెరిన్, తర్వాత మెథోట్రెక్సేట్ వచ్చాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా (రక్త కేన్సర్) పిల్లలకు అమినాప్టెరిన్ ఇచ్చి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గడాన్ని 1948లో ప్రకటించాడు. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. మెథోట్రెక్సేట్ ఇంకా మన చేతిలోనే ఉంది. ముంబై టాటా మెమోరియల్ వైద్యులు ముదిరిన తల, మెడ కేన్సర్లలో నోటి ద్వారా ఇచ్చే మెథోట్రెక్సేట్, సెలెకాక్సిబ్, ఎర్లోటినిబ్ కలయికకు నివోలుమాబ్ జత చేసి చూశారు. 240 మి.గ్రా. మోతాదుల్లో వాడే ఆ ఖరీదైన మందును 20 మి.గ్రా. మాత్రమే, మూడు వారాలకోసారి ఇచ్చారు. ఏడాది తర్వాత బతికి ఉన్నవారు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. 2023లో వచ్చిన ఫలితం ఇది. పరిశోధన మీద ఆసక్తి ఉంటే గుర్తుపెట్టుకోండి: మన దేశంలో ఆంకాలజీ పరిశోధన అంటే కొత్త అణువు కనిపెట్టడం ఒక్కటే కాదు, ఉన్న మందు మన పేషెంటు కొనగలిగేలా ఎంత తక్కువతో పని చేస్తుందో తేల్చడం కూడా.

రేడియేషన్ గురించి మీ బ్యాచ్‌లో ఎవరికీ సరిగా తెలిసి ఉండదు, కాలేజీలో ఎవరూ చెప్పరు కాబట్టి. స్కాన్లు చదివే రేడియాలజీకీ దీనికీ సంబంధం లేదు. ఆప్షన్లు పెట్టేటప్పుడు ఈ రెండు పేర్లూ తారుమారు చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, జాగ్రత్త. నోటి కేన్సర్ పేషెంటును తీసుకుందాం. ముందు పళ్ల డాక్టరు దగ్గరికి. పుచ్చిపోయిన పళ్లు రేడియేషన్‌కు కనీసం పది, పద్నాలుగు రోజుల ముందే తీయించాలి, తర్వాత తీస్తే దవడ ఎముక మానదు, కుళ్లుతుంది. తర్వాత వేడినీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్ జల్లెడను ముఖం మీద పరిచి మాస్కు చేస్తారు. అది పెట్టుకుని సీటీ తీస్తారు. అప్పుడు మీ పని మొదలవుతుంది: సీటీలో ఒక్కో స్లైసు మీద గడ్డ ఎక్కడుంది, కంటికి కనిపించని కణాలు ఎందాకా పాకి ఉండొచ్చు, రోజువారీ కదలికకు ఎంత వదలాలి, ఇలా మూడు గీతలు. వెన్నుపాము, లాలాజల గ్రంథులు, మింగే కండరాలకు వేరే గీతలు. కొత్తగా నేర్చుకునేవారికి ఒక మెడ కేసుకు ఒక పూట పడుతుంది. రేడియేషన్‌ను గ్రేలలో కొలుస్తారు: గడ్డకు 66 నుంచి 70 గ్రే, వెన్నుపాముకు 45 దాటకుండా, లాలాజల గ్రంథికి సగటున 26 లోపు. కిరణాల లెక్కలు చూసే ఫిజిసిస్టు ప్లాన్ చేసి తెస్తే, ఎక్కడ రాజీ పడాలో మీరు నిర్ణయించాలి. ఇది బొమ్మలు గీసే పనిలా ఉంటుంది గానీ, మీరు రెండు మిల్లీమీటర్లు లోపలికి గీస్తే రెండేళ్ల తర్వాత జబ్బు అక్కడి నుంచే తిరగబెడుతుంది. అనాటమీ అంటే ఇష్టం, ఓపిక, ఒంటరిగా తెర ముందు కూర్చోగలగడం, ఈ మూడూ ఉండాలి.

ప్లాను బాగున్నా చెడేది తర్వాత. నోరంతా పూసి, మింగలేక, నాలుగో వారానికి పేషెంటు బరువు తగ్గి మాస్కు వదులవుతుంది. వదులైన మాస్కులో తల కదులుతుంది, కిరణం పక్కకు పోతుంది. తిండి ఎక్కించడానికి ముక్కులోంచి రైల్స్ ట్యూబు వేయించుకోమంటే భయపడతారు. సంక్రాంతికి ఊరెళతారు, వరికోతలకు వెళతారు, లాడ్జి అద్దె కట్టలేక వెళతారు, మెషీన్ చెడిపోతుంది. తల, మెడ కేన్సర్లలో చికిత్స అనుకున్నదానికంటే ఒక రోజు ఎక్కువ సాగితే జబ్బు అదుపులో ఉండే అవకాశం ఒక శాతానికి అటూఇటూగా తగ్గుతుందని లెక్క. గర్భాశయ ముఖద్వార కేన్సర్లో బయటి రేడియేషన్, లోపల పెట్టే బ్రాకీథెరపీ అన్నీ కలిపి ఎనిమిది వారాల్లో ముగించాలి. కాబట్టి రేడియేషన్ డాక్టరు పనిలో సగం పేషెంటును రోజూ రప్పించడం. ధర్మసత్రం ఎక్కడుంది, బస్సు పాస్ ఎలా వస్తుంది, ఇవి తెలిసిన డాక్టరు ఫలితాలు తెలియనివారి కంటే మెరుగ్గా ఉంటాయి.

మీకు రేడియేషన్ తగులుతుందా అన్నది ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న. రేడియేషన్ ఇచ్చే మెషీన్, లీనియర్ యాక్సిలరేటర్, ఉండే గది గోడలు మీటరు పైన మందం కాంక్రీటు, చికిత్స నడిచేటప్పుడు లోపల పేషెంటు తప్ప ఎవరూ ఉండరు. మీ కోటుకు బ్యాడ్జి ఉంటుంది, దాన్ని క్రమం తప్పకుండా లెక్క చూస్తారు. అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన పరిమితి ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్‌లు, మామూలుగా అందులో చిన్న వంతు కూడా రాదు. పిల్లలు పుట్టరన్న మాట వట్టి అపోహ.

సర్జికల్ ఆంకాలజీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, సర్జరీ మీద మోజు ఉందో లేదో మీకే తెలుస్తుంది. రెండు ముక్కలు మాత్రం. ఒకటి, ఇక్కడ గెలుపు మొదటి ఆపరేషన్‌లోనే. నోటి కేన్సర్లో గడ్డ చుట్టూ 5 మి.మీ. ఆరోగ్యమైన అంచు రాకపోతే మళ్లీ కోత, అదనపు రేడియేషన్, మళ్లీ మొలిచే భయం. ఊళ్లో ఎవరో ‘గడ్డే కదా’ అని సగం తీసి పంపినవారు మీ దగ్గరికి వస్తారు, ఆ సగం పని సరిదిద్దడం మొదటినుంచి చేయడం కంటే కష్టం. రెండు, తొలిదశ నోటి కేన్సర్లో మెడ గ్రంథులు ముందే తీయాలా, పెరిగాక తీయాలా అన్న పాత వాదాన్ని తేల్చింది కూడా టాటా మెమోరియల్ వైద్యులే. 2015లో వచ్చిన వారి ట్రయల్‌లో ముందే తీసినవారిలో మూడేళ్లకు 80 శాతం, ఆగి తీసినవారిలో 67.5 శాతం బతికి ఉన్నారు. గుట్కా, ఖైనీ, చుట్ట ఉన్నంతకాలం మన దగ్గర ఈ ఆపరేషన్‌కు కరువుండదు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే కేన్సర్ ప్రపంచంలో ఇంకెక్కడా ఇంతగా చూడలేరు, అదీ ఎక్కువగా పెద్దవయసు ఆడవారిలో. పది గంటల ఆపరేషన్, కోసిన చోట అతికించిన కండ (ఫ్లాప్) రంగు మారిందని ఆ రాత్రి ఫోను, తెల్లవారుజామున మళ్లీ థియేటరు. నడుమునొప్పి ఉన్నవారు ఆలోచించుకోండి.

సీటు ఎంచుకునేటప్పుడు కాలేజీ పేరు చూసి మోసపోకండి. రేడియేషన్ సీటు అయితే ఇవి అడగండి: లీనియర్ యాక్సిలరేటర్ నడుస్తోందా, లేక పాత కోబాల్ట్ మెషీన్ ఒక్కటేనా? పూర్తికాలపు ఫిజిసిస్టు ఉన్నారా? బ్రాకీథెరపీ ఇరీడియం సోర్సు చివరిసారి ఎప్పుడు మార్చారు? ఆ సోర్సు శక్తి 74 రోజులకు సగమైపోతుంది, మూడు నాలుగు నెలలకోసారి కొత్తది తేవాలి. ఫైలు కదలక సోర్సు రాకపోతే ఆ ఏడాది పీజీలు బ్రాకీథెరపీ పుస్తకంలో చదివి బయటికి వస్తారు. డీఎం అయితే లుకేమియా వార్డు ఉందా, ఎముక మజ్జ మార్పిడి జరుగుతుందా చూడండి. గట్టి గడ్డలు మాత్రమే చూసి వచ్చినవారు హెమటాలజీ కేసు రాగానే తడబడతారు. ఎంసీహెచ్ అయితే మూడో ఏడాది రెసిడెంటును కలిసి, సొంత చేతులతో చేసిన ఆపరేషన్ల లాగ్‌బుక్ చూపించమనండి. దేనికైనా వారానికోసారి ముగ్గురు డాక్టర్లూ కూర్చుని కేసులు మాట్లాడుకునే ట్యూమర్ బోర్డు నిజంగా జరుగుతుందా, కాగితం మీదేనా అని కనుక్కోండి. మన ప్రాంతంలో చూడదగ్గవి: హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్, బసవతారకం, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆసుపత్రి, తిరుపతిలో స్విమ్స్. బయట ముంబై టాటా, చెన్నై అడయార్, బెంగళూరు కిద్వాయ్, తిరువనంతపురం ఆర్‌సీసీ.

ఇప్పుడు చావుల సంగతి. ఆంకాలజీ వదిలేసేవారు చావులు చూసి వదిలేయడం కంటే, చెడ్డగా మాట్లాడి, ఆ మాటలు మోయలేక వదిలేయడం ఎక్కువ. మాట్లాడడం స్వభావం కాదు, నేర్చుకునే పని, వెన్నులో సూది వేయడం నేర్చుకున్నట్టే. మన ఇళ్లలో మొదట ఎదురయ్యేది కొడుకో అల్లుడో బయట కారిడార్లో ఆపి ‘డాక్టరుగారూ, ఆయనకు మాత్రం చెప్పకండి, గుండె ఆగిపోతుంది’ అనడం. దానికి సరే అన్నా తప్పే, ‘చట్టం ఒప్పుకోదు’ అని కసిరినా తప్పే. మొదట కొడుకును కూర్చోబెట్టి భయం ఏమిటో వినాలి. తర్వాత పేషెంటు దగ్గర ‘మీకు ఏమైందని అనుకుంటున్నారు’ అని అడగాలి. సగంమందికి అప్పటికే తెలుసు, ఇంట్లోవాళ్లు బాధపడతారని తెలియనట్టు ఉంటారు. ఆపైన ‘రిపోర్టు గురించి అన్నీ చెప్పమంటారా, లేక మీ అబ్బాయితో మాట్లాడమంటారా’ అని ఆయన్నే అడగాలి. అబ్బాయితో మాట్లాడమంటే అది ఆయన నిర్ణయం, గౌరవించాలి. చెప్పమంటే ఒక్కో వాక్యం చెప్పి ఆగాలి. ఆగడమే కష్టం. ఆ మౌనంలో డాక్టరు కంగారుపడి ‘ఏం ఫరవాలేదు, కొత్త మందులున్నాయి’ అనేస్తారు, ఆ మాటే ఆరు నెలల తర్వాత తిరిగొచ్చి తగులుతుంది. ‘ఎన్నాళ్లు’ అని అడిగితే నెలల అంకె చెప్పకండి. ‘ఏళ్లలో కాదు, నెలల్లో ఆలోచించాలి, ఏదైనా ముఖ్యమైన పని ఉంటే ముందుకు జరుపుకోండి’ అంటే అందరికీ అర్థమవుతుంది. మనవరాలి పెళ్లి ముందుకు జరుగుతుంది.

‘ముక్క తీస్తే పాకుతుందట’ అన్న మాట, ఆకుపసరు మాట వారానికి పదిసార్లు వినాలి. కోప్పడితే పేషెంటు పసరు మానరు, మీ దగ్గరికి రావడం మానేస్తారు. ముక్క పరీక్ష లేకుండా ఏ మందు ఇవ్వాలో తెలియదని, పసరుకూ కీమోకూ కలిసి కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉందని చెప్పి, కీమో అయ్యేదాకా పసరు ఆపమనండి. చాలామంది ఒప్పుకుంటారు.

నయం కాని దశలో మీ చేతిలో ఉండే అతి శక్తిమంతమైన మందు మార్ఫిన్. నోటి మాత్ర, నాలుగు గంటలకోసారి, విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే జతగా. మలబద్ధకం మందు రాయకపోవడం వల్ల మార్ఫిన్ మానేసేవారే ఎక్కువ, మత్తు వల్ల కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి (ఎన్‌డీపీఎస్) భయపడి ఆసుపత్రులు దీన్ని నిల్వ ఉంచేవి కావు. 2014 సవరణ తర్వాత గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు దారి సులువైంది. మీరు చేరే చోట మార్ఫిన్ దొరుకుతుందో లేదో కనుక్కోండి. ఎముకకు పాకిన నొప్పికి ఒక్కసారి 8 గ్రే రేడియేషన్ ఇస్తే చాలామందికి రెండు మూడు వారాల్లో నొప్పి తగ్గుతుంది. నొప్పి తగ్గించడం తెలిసిన డాక్టరుకు చావు ఓటమిలా అనిపించదు, తెలియనివారికి ప్రతి చావూ నేరంలా అనిపిస్తుంది. మీ మూడో ప్రశ్నకు నా జవాబు ఇదే.

డబ్బు గురించి క్లుప్తంగా. రేడియేషన్ డాక్టరు సొంతంగా క్లినిక్ పెట్టుకోలేరు, మెషీను, బంకరు కోట్లతో పని, కాబట్టి జీవితాంతం ఎవరి ఆసుపత్రిలోనో ఉద్యోగం. మెడికల్ ఆంకాలజిస్టు జిల్లా పట్టణంలో, కీమో ఎక్కించి అదే రోజు ఇంటికి పంపే డే కేర్ నడపొచ్చు, కానీ మందు కలిపే సేఫ్టీ క్యాబినెట్, రక్తనిధి, ఐసీయూ అందుబాటులో లేకుండా మొదలుపెడితే ఒళ్లంతా ఇన్ఫెక్షన్ ముదిరిన (సెప్సిస్) మొదటి కేసుతోనే తెలిసొస్తుంది. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ కేన్సర్ కేంద్రాలు పెడతామన్నారు. అవి వస్తే చిన్న ఊళ్లలో మీలాంటివారికి పని పెరుగుతుంది. ఎక్కడ చేసినా ఆరోగ్యశ్రీ ప్యాకేజీలు, ఏపీలో ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్యసేవ, వాటి ముందస్తు అనుమతి కాగితాలు మీ రోజులో భాగమే. బయాప్సీ రిపోర్టులో ఒక మాట తేడా ఉన్నా అనుమతి వెనక్కి వస్తుంది, పేషెంటుకు వారం పోతుంది. విదేశాలకు వెళ్లాలంటే అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ మూడేళ్లు, హెమటాలజీ-ఆంకాలజీ ఫెలోషిప్ మూడేళ్లు, ఏళ్లు ఇక్కడితో సమానమే. బ్రిటన్‌లో క్లినికల్ ఆంకాలజిస్టు అనే ఒకే మనిషి రేడియేషన్, కీమో రెండూ చూస్తారు. ఇక్కడ ఎండీ రేడియేషన్ చేసి అక్కడికి వెళ్లేవారికి ఆ పద్ధతి నప్పుతుంది.

ఈ నెలలో మీరు చేయగల పని ఒకటుంది. మీ గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) ప్రాంగణంలోనే నాట్కో కేన్సర్ సెంటర్ ఉంది. విభాగాధిపతి అనుమతి తీసుకుని నాలుగు రోజులు వెళ్లండి. ఒక రోజు కీమో డే కేర్‌లో నర్సు పక్కన నిలబడి ప్రతి మోతాదూ మీరు లెక్కకట్టి, కేస్ షీటులో రాసినదానితో సరిచూసుకోండి. ఒక రోజు ప్లానింగ్ గదిలో, ఎవరితోనూ మాట్లాడకుండా ఒక కేసు మొదటినుంచి చివరిదాకా గీసేది చూడండి. ఒక రోజు థియేటరులో, మొదటి కోత నుంచి చివరి కుట్టు దాకా, మధ్యలో టీకి వెళ్లకుండా. నాలుగో రోజు ఓపీలో, రిపోర్టు చెప్పే గదిలో మూల కూర్చోండి. ఏ రోజు గడియారం చూసుకోవడం మరిచిపోయారో రాసిపెట్టుకోండి. ఆప్షన్లు పెట్టే రాత్రి ర్యాంకుల పట్టికతో పాటు ఆ కాగితమూ ముందు పెట్టుకోండి.